చెవిరాయిలో సముద్రం

చేపల బజారు, మూల కొట్టు
వానలు మొదలయ్యాక

ఉడతా,

ఈ ఉత్తరంతో పాటు ఒక డబ్బా కూడా నీ చేతికి వస్తుంది. అందులో ఉన్నవి మందు మాత్రలు కావు, నోట్లో వేసుకోకు. చిన్నప్పుడు దొరికిన ప్రతి వస్తువూ బుగ్గలో దాచుకునేదానివి కనక ముందే చెబుతున్నాను. ఆ అలవాటు చూసే కదా నీకు నేను ఉడత అని పేరు పెట్టింది. మీ అమ్మ ముచ్చటపడి పెట్టిన పేరు ఇప్పుడు మీ అమ్మకే గుర్తులేదు.

సంగతేమిటంటే, మా బజారు వెనక డ్రైనేజీ గొట్టాలు వెయ్యడానికి నిలువెత్తు గొయ్యి తవ్వుతున్నారు. అడుగున నల్లమట్టి పొర ఒకటి బయటపడింది, నిండా చేప ఎముకలు. పనివాళ్ళు ముక్కు మూసుకుని పక్కకి తప్పుకున్నారు. నా ముక్కు ఈ వ్యాపారంలో ఎప్పుడో చచ్చిపోయింది కదా, దిగి చూశాను. నాకంటే ఎంతో ముందు ఎవరో మహాతల్లి ఇక్కడే కూర్చుని చేపలు కోసి తలకాయలు పారేసిందన్నమాట. ఈ మూల నాదేనని ఇన్నాళ్ళూ మురిసిపోతున్నదాన్ని, కాస్త కుళ్ళుకున్నాను. చేప తలలో ఉంటాయని నువ్వు చెప్పిన చెవిరాళ్ళు గుర్తొచ్చి ఆ మట్టి ఒక బస్తా ఇంటికి మోయించి, పిండి జల్లెడలో పోసి కడిగాను. మీ బాబాయి ఆ జల్లెడ చూసిన దగ్గర్నుంచి రొట్టె ముట్టడం లేదు.

పోయినసారి కొట్లో చేపలవి పంపినప్పుడు వాటిలో మీ బాబాయి పళ్ళసెట్టు ముక్క కలిపానని నీకింకా కోపం పోలేదట. దాన్ని కోసి, సానబట్టి, ఇదేం జాతో అంతుపట్టడం లేదని మీ గైడుగారిని పిలిచావని మీ అమ్మ చెప్పింది. ఆ రోజు నవ్వు ఆగక నేను బేరాలు కూడా సరిగా చెయ్యలేదు. ఈసారి అలాంటివేం లేవు. మంచి బుద్ధి వచ్చింది.

ఇంతకీ ఆ బియ్యపుగింజంత రాయిలో ఏముందని నీ చదువంతా దాని చుట్టూ తిరుగుతోంది? ఫోన్లో అడిగితే ఊఁ ఊఁ అంటూ ఇంకో పని చేసుకుంటావు. కాబట్టి రాసి పంపు. ఏడో తరగతి తప్పినదానికి ఎక్కేలా రాయి.

మీ పిన్ని


విశ్వవిద్యాలయం, రాళ్ళ భవనం, నేలమాళిగ
అదే వానల్లో

పిన్నీ,

డబ్బా అందింది. ఒక్కో రాయినీ భూతద్దం కింద పెట్టి, పళ్ళు లేవని రూఢి చేసుకున్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నీ ఉత్తరంలో గొయ్యి సంగతి చదవగానే తవ్వకాల శాస్త్రం వాళ్ళని పంపాను కదా, వాళ్ళు ఆ పొరలోంచి బొగ్గు తీసుకెళ్ళారు. మన నది మీద ఆనకట్ట కట్టడానికి చాలా తరాల ముందుదని తేల్చారు. నీ మహాతల్లి నీకు ముత్తాతమ్మలాంటిది.

రాయి గురించి అడిగావు. చేప పుట్టిన దగ్గర్నుంచి చెవిలో ఉన్న ఆ రాయి మీద రోజుకొక సన్నపొర పేరుకుంటుంది. ఎముక అరుగుతుంది, పొలుసు రాలుతుంది, ఇది మాత్రం ఒకసారి పేరుకుంటే కరగదు, మారదు. ఆ రోజు చేప ఏ నీళ్ళలో ఈదిందో ఆ నీళ్ళ జాడ ఆ పొరలో ఉండిపోతుంది. సముద్రపు నీళ్ళయితే ఒక లోహం ఎక్కువగా కనపడుతుంది, నదిలో అయితే తక్కువ. కోసి చూస్తే నడిమధ్యన పుట్టిన రోజు, అంచున పోయిన రోజు. ఒక ఫోటో పెట్టాను, చూడు.

నేను చేసేది ఇదే, నది పాతకాలంలో ఎలా ఉండేదో చేపల్ని అడగడం. కష్టమేమిటంటే చేపల డిపార్ట్‌మెంటు నన్ను రాళ్ళ పిల్ల అంటుంది. రాళ్ళ డిపార్ట్‌మెంటు చేపల పిల్ల అంటుంది. చరిత్ర వాళ్ళకి నేనసలు కనపడను. ఈ ఏడాదితో నా కుర్చీ గడువు అయిపోతుంది, ఉంచుకుంటామని ఎవరూ అనడం లేదు. నాలాంటి ఎటూకాని కుర్రవాళ్ళ కోసమే ఒక బహుమతి ఉంది. ఒక శాస్త్రం గోడ దూకి ఇంకో శాస్త్రంలో పనిచేసేవాళ్ళకే ఇస్తారు. అది వస్తే సొంత గది, సొంత మైక్రోస్కోపు, ఇదే పని. రాకపోతే ఎక్కడో పాఠాలు చెప్పుకుంటూ చేపల్ని పళ్ళెంలో మాత్రమే చూస్తాను.

నీ గొయ్యి రాళ్ళ మీదే దరఖాస్తు పెడుతున్నాను. అందుకని ఈ ఒక్క ఏడాది నాతో ఆటలాడకు.

ఉడత


చేపల బజారు
వానలు ముదిరాక

ఉడతా,

ఫోటో మొదట తలకిందులుగా పట్టుకున్నాను. తర్వాత తెలిసింది దానికి తలా లేదు, కిందా లేదని. కొట్లో గోడకి అంటించాను. రొయ్యలామె కోసిన చెట్టు మొద్దు అంది. ఐసులారీ డ్రైవరు చందమామ అన్నాడు. చేప చెవి అంటే ఒక్కడూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు, చెప్పింది నేను కదా.

పెళ్ళయిన కొత్త నుంచీ తలకాయలు నరుకుతున్నాను. మొప్పలు చూస్తే తాజాదో కాదో చెబుతాను, అంతకుమించి దాని ఊరూ పేరూ నాకెందుకు అనుకున్నాను. అన్నేళ్ళుగా నేను చెత్తబుట్టలోకి విసిరింది పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా రాసుకున్న బతుకులా? నిన్న ఒక పెద్ద తల మీదకి కత్తి ఎత్తి అలాగే ఉండిపోయాను. కొనడానికి వచ్చినాయన చెయ్యి పట్టేసిందా అమ్మా అన్నాడు. లేదండీ, ఇది చిన్నప్పటి సంగతులు గుర్తు తెచ్చుకుంటోంది, కాసేపు ఆగండి అన్నాను. పాపం ఆగాడు.

ఇప్పుడు ప్రతి చేపకీ వయసూ పుట్టిన నెలా చెప్పి అమ్ముతున్నాను, అన్నీ కల్పనే. ఒకావిడ తను పుట్టిన నెల చేపే కావాలని పట్టుబట్టింది. ఇది నీతో ఆట కాదు, ఊరితో ఆట. నీకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాను.

రాత్రి పడుకుంటే మాత్రం నవ్వు రావడం లేదు. రోజుకొక పొర అన్నావు చూడు, అదే తిరుగుతోంది బుర్రలో.

మీ పిన్ని


రాళ్ళ భవనం, నేలమాళిగ
వానలు వెనకపట్టాక

పిన్నీ,

ఈసారి నాకు నవ్వు రాలేదు.

నీ గొయ్యి రాళ్ళలో ఒకదాని లోపలి పొరల్లో సముద్రం ఉంది. మిగతావన్నీ పుట్టింది మొదలు పోయేదాకా మన నదిలో ఉన్నవే. మన ఊరికి సముద్రం ఎంత దూరమో నీకు తెలుసు. నీ కొట్టుకి మాత్రం ఐసులారీ సముద్రపు చేపల్ని రోజూ దింపుతుంది. వాటిలో ఒకదాని చెవిరాయి తీసి పాత వాటిలో కలపడానికి నీకెంతసేపు పడుతుంది? మట్టి మరక కూడా పూశావేమో, రంగు సరిగ్గా కలిసిపోయింది.

నన్ను ఆఖరి నలుగురిలోకి ఎంచారు. నేను వాళ్ళకి రాసింది ఒకటే మాట. మన నది ఎప్పుడూ ఇలాగే ఉంది, లోపలి చేపలు లోపలే పుట్టి లోపలే పోయాయి అని. బహుమతి సభలో ఆ మాట మీదే నిలబడాలి. చూసుకోకుండా దీన్ని కూడా కలిపేసి ఉంటే అందరి ముందూ నవ్వులపాలయ్యేదాన్ని. నీక్కావలసింది అదేనేమో.

రాయిని లెక్కలోంచి తీసేశాను. దాన్ని అతికించిన గాజుపలక మీద ‘పిన్ని’ అని రాసి సొరుగులో పడేశాను.

ఇక రాళ్ళు పంపకు.


చేపల బజారు
తర్వాతి వారం

ఉడతా,

ఆ రాయి నేను పెట్టలేదు.

ఈ ఒక్క ముక్క రాయడానికి ఎన్ని కాగితాలు నలిపేశానో. ఎలా రాసినా నేనే పెట్టినట్టు వినిపిస్తోంది. మీ బాబాయికి చదివి వినిపిస్తే ఈసారి బాగా నటిస్తున్నావు అన్నాడు. మీ అమ్మ ఫోన్లో కడుపుబ్బ నవ్వి, ఇంక చాలు, పిల్లని వదిలెయ్యవే అంది. రొయ్యలామె అయితే ఎలా చేశావో నాకూ నేర్పు, మా ఆడపడుచు మీద ప్రయోగిస్తాను అంది. ఈ ఊళ్ళో నేను నిజం చెబితే దాచుకోవడానికి ఒక్క చెవి లేదు.

ఒట్టు పెడదామంటే నా ఒట్లన్నీ నీ చిన్నప్పుడే ఖర్చయిపోయాయి. మేడ మీద ఒంటె ఉందని ఒట్టేసి నిన్ను మెట్లన్నీ ఎక్కించినదాన్ని. కానీ ఒకటి ఆలోచించు. నేను ఆట పట్టిస్తే దొరికిపోయేలాగే పట్టిస్తాను. దొరక్కపోతే ఇంక నవ్వేదెవరు? పళ్ళసెట్టు ముక్క పెట్టానంటే నీ మొహం తలుచుకుని పెట్టాను. మట్టి మరక పూసి, రంగు కలిపి, నీ సొంత గది మీదకి తేవడం ఆట అవుతుందా? అది చేసేదాన్నయితే నా ముద్ద నాకే దిగదు.

నన్ను నమ్మమని అడగడం లేదు. నేనే నువ్వయితే నన్ను నమ్మను. కానీ ఆ రాయి నేను కాదు కదా. ఒకసారి పేరుకుంటే మారదని రాసింది నువ్వే. నా పేరు తగిలించి దాన్ని చీకట్లో పడేశావు, నా బుద్ధులకి అదేం చేసింది పాపం? నన్నడక్కు. దాన్నే అడుగు.

మీ పిన్ని


రాళ్ళ భవనం, నేలమాళిగ
చలి ముదిరాక

పిన్నీ,

నీ ఉత్తరం కోటు జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. ఆఖరికి సొరుగు తెరిచాను.

అప్పుడు నేను చేసిందేమిటంటే, మధ్య పొరల్లో ఒకటి రెండు చోట్ల చూసి, ఉప్పు కనపడగానే ఒళ్ళు మండి ఆపేశాను. ఇంకొకరు పంపిన రాయయితే అలా ఆపేదాన్ని కాదు. ఈసారి నడిబొడ్డు నుంచి అంచుదాకా ఒకే గీతగా లేజరు నడిపించాను. మొదట మంచినీళ్ళు వచ్చాయి. సముద్రపు చేప అనుకున్నదాని పుట్టుక మంచినీళ్ళలో. తర్వాత ఉప్పు పెరుగుతూ పోయి, పైన నిలిచిపోయింది. పొర తర్వాత పొర, అంతా సముద్రమే. ఇంక ఇంతే అనుకుంటుండగా అంచుకి వెంట్రుకవాసి దూరంలో ఉప్పు దిగడం మొదలుపెట్టింది. దిగి దిగి, చివరి పొర మళ్ళీ మంచినీళ్ళు.

కుర్చీలో కూర్చోలేక గదంతా తిరిగాను. సముద్రంలో పట్టిన చేపకి చివరి పొర ఉప్పే ఉండాలి. ఇది నదిలో పుట్టి, సముద్రానికి వెళ్ళి, అక్కడ పెరిగి పెద్దదై, మళ్ళీ నదికి తిరిగొచ్చి పోయిన ప్రాణి.

గైడుగారికి చూపించాను. మీ పిన్నిగారు పంపినదేనా అని అడిగి, అయితే వదిలెయ్యమ్మా అన్నారు. ఆయన పళ్ళసెట్టు మర్చిపోలేదు. ఇంకేదో నదిలో ఇలా వచ్చిపోయే చేపని పట్టి ఐసులో పెట్టి మీ ఊరికి పంపి ఉండొచ్చు కదా అన్నారు. అదీ నిజమే. దీనికి జవాబు ఒకటుంది. ప్రతి నదీ తను దొర్లి వచ్చిన బండల రుచిని నీళ్ళలో మోసుకొస్తుంది, ఆ రుచి కూడా రాయిలో పడుతుంది. దాన్ని పట్టే యంత్రం వేరే చోట ఉంది. ముక్క పంపాను. జవాబు వచ్చేసరికి బహుమతి సభ అయిపోతుంది.

ఈ రాయి లేని బొమ్మ చూపిస్తే శుభ్రంగా ఉంటుంది, బహుమతి దాదాపు వచ్చినట్టే అంటున్నారు. చూపిస్తే నా మాట నేనే పడగొట్టుకున్నట్టు. కానీ ఒకసారి చూశాక చూడనట్టు నిలబడటం నాకు చేతకాదు. ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. నువ్వు వచ్చి వెనక వరసలో కూర్చో. నిన్ను అడిగితే నిజం చెప్పు. నీకు అలవాటు లేని పనే అనుకో.

ఆ కోపం ఉత్తరం చింపెయ్యి.

ఉడత


చేపల బజారు
సభ నుంచి తిరిగొచ్చాక

ఉడతా,

అక్కడ నోరు పెగల్లేదు కనక ఇంటికొచ్చి రాస్తున్నాను.

నువ్వు శుభ్రమైన బొమ్మ చూపించినంతసేపూ ముందు వరస పెద్దలందరూ తలలూపారు. ఇందులోంచి ఒక రాయి తప్పించాను, ఇప్పుడు దాన్ని వెనక్కి తెస్తున్నాను అని నువ్వు అన్నావు చూడు, అన్ని తలలూ ఒక్కసారే ఆగిపోయాయి. నా గుండె కూడా వాటితోపాటే. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకున్న పెద్దావిడ ఇది ఎక్కడిది అని అడిగింది. అబద్ధమాడి గట్టెక్కుతావేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. నువ్వేమన్నావు? “మా పిన్ని పంపింది. ఆవిడ నేను పుట్టినప్పట్నుంచీ నన్ను మోసం చేస్తూనే ఉంది. అందుకే ఆవిడ మాటని సాక్ష్యంగా తీసుకురాలేదు, రాయిని తెచ్చాను” అన్నావు.

హాలంతా నవ్వింది. ఆ పెద్దావిడ మాత్రం నవ్వకుండా వెనక్కి తిరిగి నన్ను చూసి, మీరు కలిపారా అని అడిగింది. నా నోట్లో ఎప్పుడూ వంద మాటలు వరసలో నిలబడి ఉంటాయని నీకు తెలుసు. ఆ వేళ ఒక్కటి కూడా ముందుకు రాలేదు. లేచి నిలబడి, “లేదండీ” అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో నేను మాట్లాడాక ఎవరూ నవ్వకపోవడం అదే మొదలు.

నది రుచి తేలేదాకా బహుమతి ఎవరికన్నదీ ప్రకటించం అని వాళ్ళు అనడం, నీ మొహం పాలిపోవడం చూశాను. రాయి మన నదిది కాదంటే నీ గదీ పోతుంది, నేను అబద్ధాలకోరుననీ ఖాయమవుతుంది. ఇద్దరి తలరాతా ఆ గింజలోనే ఉంది.

తర్వాత నేలమాళిగకి తీసుకెళ్ళి మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టావు. ఒక జోకు సిద్ధం చేసుకునే కన్ను ఆనించాను. అదేమిటో ఇప్పుడు గుర్తులేదు. తేనెరంగు వెలుగు, అందులో గీత పక్కన గీత, లోపల్లోపలికి, వెళ్ళేకొద్దీ ఇంకా సన్నగా. ఇది ఒక రోజు, ఇది మర్నాడు అని నువ్వు నెమ్మదిగా చెబుతున్నావు. ఎవరూ చూడని రోజులు. నీళ్ళ అడుగున ఏ కన్నూ లేని చోట, తిండి దొరికిన రోజూ దొరకని రోజూ, అది గీత గీసుకుంటూ పోయింది. నా బతుకులో అబద్ధమాడని రోజు వెతికితే జ్వరం వచ్చి మూలిగిన రోజే దొరుకుతుందేమో. ఆ చేప ఒక్క పొర కూడా అబద్ధం వెయ్యలేదు. ఉప్పంటే ఉప్పు, తీపంటే తీపి.

నువ్వు భుజం తట్టేదాకా నేను కన్ను తియ్యలేదట. బస్సులో కండక్టరు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. నేను వాడి టికెట్ల సంచీ దాచకుండా కూర్చోవడం వాడెప్పుడూ చూడలేదు మరి.

మీ పిన్ని


రాళ్ళ భవనం, పై అంతస్తు
ఎండలు తగ్గుముఖం పట్టాక

పిన్నీ,

జవాబు వచ్చింది. నడిబొడ్డు మన నది. అంచు మన నది.

కాగితం చేతిలో పట్టుకుని, చదివిందే మళ్ళీ చదివాను. ఆనకట్ట దిగువన ఇంకో ఏరు కలిసి నీళ్ళ రుచి మారిపోతుంది. రాయిలో ఉన్నది ఆ రుచి కాదు, ఎగువన మీ బజారు పక్క నుంచి పారే నీళ్ళ రుచి. గోడ లేచాక సముద్రం నుంచి అక్కడికి ఏ చేపా రాలేదు. కాబట్టి ఆ రాయి ఐసులారీది కాదు, ఈ కాలానిది కాదు. నువ్వు చెప్పినట్టే నీ ముత్తాతమ్మ గొయ్యిలోది.

అది నీ కొట్టు దగ్గర ఎక్కడో పుట్టింది పిన్నీ. వేలెడంత ఉన్నప్పుడే ప్రవాహంతో కొట్టుకుపోయి సముద్రంలో పడింది. అన్ని నదులు వచ్చి కలిసే ఆ ఉప్పునీళ్ళలో ఏళ్ళ తరబడి తిరిగి, మళ్ళీ ఇదే నదిని వెతికి పట్టుకుని, ఎదురీది పుట్టినచోటికే వచ్చింది. ఎలా గుర్తుపట్టిందని నన్నడుగుతారు. నాకు తెలియదు. తెలియదని చెప్పేటప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

బహుమతి ఇచ్చారు. డాక్టరు గుండె విన్నట్టు వంతెనల పగుళ్ళని వినే ఒకబ్బాయికీ నాకూ కలిపి. నది ఎప్పుడూ ఇలాగే ఉందన్న నా మాట తప్పని తేలింది, ఆ తప్పు బయటపెట్టినందుకే ఇచ్చామన్నారు. ఉత్తరం పైన చిరునామా చూశావుగా, గది వచ్చింది, కిటికీ కూడా ఉంది. గాజుపలక మీద పేరు చెరపలేదు. ఇప్పుడు ఆ రాయిని ఇక్కడ అందరూ ‘పిన్ని’ అనే పిలుస్తున్నారు. ‘పిన్నిని జాగ్రత్తగా పట్టుకోండి’ అని గైడుగారు అనడం నువ్వు వినాల్సింది.

ఉడత


చేపల బజారు
కొత్త వానల్లో

ఉడతా,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి కాలు నిలవలేదు. మొదటి వరద వచ్చిందని వినగానే కొట్టు మూసేశాను. మీ బాబాయి ఎవరు పోయారు అని అడిగాడు. బస్సెక్కి ఆనకట్ట దగ్గర దిగాను. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి, దాని పైనుంచి పోవడమే గానీ దిగువకి ఎప్పుడూ వెళ్ళలేదు. రాళ్ళు పట్టుకుని దిగాను.

ఎర్రనీళ్ళు గోడ మీద నుంచి పడుతున్నాయి. ఆ మోతకి నా మాట నాకే వినపడదు. అడుగున నురగలో ఏదో వెండిలా మెరిసింది. నీటి తుంపర అనుకున్నాను. మళ్ళీ మెరిసింది. చేప. ఇంతెత్తున ఎగిరి గోడకి కొట్టుకుని వెనక్కి పడింది. దాని పక్కన ఇంకొకటి లేచింది. తర్వాత చూపు అలవాటుపడ్డాక నురగంతా అవే.

నేను చేపని చూస్తే ముందు బరువు చూస్తాను. ఆ రోజు చూడలేదు. గోడ సంగతి వాటికి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు ఉడతా. గోడకి ఎగువన ఏముందో వాటి అమ్మలు చూడలేదు, అమ్మమ్మలు చూడలేదు. అయినా పైకి దారి ఉందని వాటికి ఎవరు చెప్పారు? తడిసిపోతూ నిలబడ్డాను. చేతులు జోడించానని తర్వాత తెలిసింది. గేట్లు కాసే మనిషి గొడుగు వంచి, ఏం చూస్తున్నావమ్మా అని అరిచాడు. ఏం లేదన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు, నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

ఇది చదువుతూ నువ్వేమనుకుంటావో నాకు తెలుసు. నమ్మకపోయినా ఏమీ అనుకోను. వరద తగ్గేలోపు ఒకసారి వచ్చి నీ కళ్ళతో చూసుకో.

మీ పిన్ని


రాళ్ళ భవనం, పై అంతస్తు
అదే వరదలో

పిన్నీ,

ఉత్తరం ఇప్పుడే అందింది. నమ్మాను.

అయినా వస్తున్నాను.

ఉడత